నూట యాభై గజాల రైఫిల్: బ్లాక్ పౌడర్ సింగిల్ షాట్ కొనేముందు

బ్లాక్ పౌడర్ (తెల్లటి పొగ వచ్చే పాతకాలపు తుపాకీ మందు) తూటా పేల్చే, ఒకసారికి ఒకే తూటా పట్టే సింగిల్ షాట్ రైఫిల్‌తో అమెరికాలో జింక వేటకు వెళ్లాలనుకునేవాళ్లలో చాలామంది కళ్లు ముందు పడేది 34 అంగుళాల బ్యారెల్ ఉన్న షార్ప్స్ రైఫిల్ మీద. బ్యారెల్ మీద 45-110 అనే పెద్ద తూటా పేరు చెక్కి ఉంటే మోజు ఇంకా పెరుగుతుంది. బెంచి మీద ఆనించి దూరపు ఇనుప పలకల్ని మోగించడానికి అది గొప్ప రైఫిల్. తెల్లవారుజామున గుట్ట ఎక్కి, గడ్డకట్టిన వేళ్లతో, ఒకే ఒక్క గుండుతో ఒక ప్రాణిని బాధ పెట్టకుండా పడగొట్టడానికి మాత్రం అది సరైన తుపాకీ కాదు. నూట యాభై గజాల లోపు కాల్చే ఆ పనికి కావలసింది 45-70 తూటా, 28 నుంచి 30 అంగుళాల బ్యారెల్, తొమ్మిది పౌండ్ల చుట్టుపక్కల బరువు, మసక వెలుతురులో కూడా కనబడే గురి సైట్లు. తూటా పెద్దదైతే దూరం పెరుగుతుందన్న నమ్మకమే కొనేవాళ్ల చేత తప్పు చేయిస్తోంది.

లెక్క చూద్దాం. 45-70లో 405 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ గ్రాములో సుమారు పదిహేనో వంతు) సీసపు గుండు బ్లాక్ పౌడర్‌తో సెకనుకు సుమారు 1,300 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 100 గజాలకు సైట్ సరిచేసి పెట్టుకుంటే 50, 75 గజాల దగ్గర గుండు రెండంగుళాలు పైన తగులుతుంది. 125 దగ్గర మూడున్నర, నాలుగు అంగుళాలు కిందికి దిగుతుంది. 150 దగ్గర దాదాపు తొమ్మిది అంగుళాలు. 200 దగ్గరికొచ్చేసరికి రెండడుగులు దాటిపోతుంది. వైట్‌టెయిల్ జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాలు. ఇప్పుడు దూరం అంచనా పాతిక గజాలు తప్పిందనుకోండి. 125 అనుకున్నది 150 అయితే గుండు అయిదారు అంగుళాలు కింద పడుతుంది. 175 అనుకున్నది 200 అయితే తొమ్మిది అంగుళాలు. మొదటిదాంట్లో కాస్త పైకి గురిపెట్టి ఉంటే గుండు ఇంకా ఆ చోటులోనే తగులుతుంది. రెండోదాంట్లో పొట్ట కిందో కాలికో తగులుతుంది. ఆ జింక పడదు, దొరకదు, ఎక్కడో పొదలో రెండు రోజులు బాధపడి చస్తుంది.

గాలి కూడా ఇలాగే మోసం చేస్తుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలికి ఈ గుండు 100 గజాల దగ్గర మూడంగుళాలు పక్కకు పోతే, 200 దగ్గర పది అంగుళాలు దాటుతుంది. చెట్ల మధ్య నిలబడి అవతలి లోయలో గాలి ఎలా ఉందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

మరి పెద్ద తూటా ఈ లెక్కను మార్చదా? చాలా కొద్దిగా. 45-110లో 500 గ్రెయిన్ల పైబడిన గుండును 1,400 దాకా తీసుకుపోయినా, 200 గజాల దగ్గర మిగిలేది మూడు నాలుగు అంగుళాల లాభం. ధ్వని వేగం పైన బయల్దేరిన మొద్దు సీసపు గుండును గాలి గట్టిగా వెనక్కి లాగుతుంది. అదనంగా ఇచ్చిన వేగంలో చాలా భాగం మొదటి వంద గజాల్లోనే ఖర్చయిపోతుంది. దానికి మీ భుజం కట్టే వెల చూడండి. పది పౌండ్ల రైఫిల్‌లో 65 గ్రెయిన్ల మందు, 405 గ్రెయిన్ల గుండు ఉన్న 45-70 సుమారు 13 అడుగు-పౌండ్ల దెబ్బ కొడుతుంది. అదే రైఫిల్‌లో 105 గ్రెయిన్ల మందు, 535 గ్రెయిన్ల గుండు పెడితే దెబ్బ 27 దాటుతుంది. ఆ దెబ్బ తట్టుకోవాలంటే రైఫిల్ పన్నెండు పౌండ్లు ఉండాలి. పన్నెండు పౌండ్ల రైఫిల్‌ను రోజంతా మోసినవాడి చేతులు, జింక కనబడిన వేళకు వణుకుతుంటాయి.

దూరపు గురి కథలకు ఈ రైఫిళ్ల చరిత్రలో కొదవ లేదు. 1874 జూన్‌లో టెక్సస్‌లోని అడోబ్ వాల్స్ దగ్గర అడవిదున్నల వేటగాడు బిల్లీ డిక్సన్ అరువు తెచ్చుకున్న షార్ప్స్‌తో 1,538 గజాల దూరంలో ఒక మనిషిని కొట్టాడని అంటారు. అది అదృష్టం కొద్దీ తగిలిన గుండని డిక్సనే చెప్పుకున్నాడు. అదే ఏడాది న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మోర్ మైదానంలో అమెరికా జట్టు షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లతో ఐర్లండ్ జట్టును 800, 900, 1,000 గజాల పోటీలో ఓడించింది. అక్కడి దూరాలు ముందే కొలిచినవి, గాలికి జెండాలు కట్టి ఉన్నాయి, లక్ష్యం కదలదు. ఇక అడవిదున్నల తోళ్ల వేటగాళ్లు మంద మీద రోజంతా కాలుస్తూనే ఉండేవారు. గాయపడి పోయినవాటి లెక్క వాళ్లకు పట్టలేదు. అక్కడి కొలతలు తెచ్చి ఇవాళ్టి వేటకు తుపాకీ ఎంచుకోవడం సబబు కాదు.

తూటాల సంగతికొస్తే 45-70ను అమెరికా సైన్యం 1873లో ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే రైఫిల్ కోసం తీసుకుంది. 0.45 అంగుళాల గుండు, 70 గ్రెయిన్ల మందు, అదీ పేరు వెనక లెక్క. గుర్రపు దళం వాడే పొట్టి రైఫిల్ కార్బైన్‌కు మందు 55కు తగ్గించారు. మందు నింపే ఇత్తడి తొడుగు, అంటే కేసు, ఇప్పుడు పాతదానికంటే మందం, అందుకే 62 నుంచి 68 గ్రెయిన్లే సులువుగా పడతాయి. దానివల్ల వేటలో ఏ లోటూ రాదు. కేసులు, డైలు (తూటా తయారీలో కేసును నొక్కి సరిచేసే పనిముట్లు), గుండు అచ్చులు ఎక్కడైనా దొరుకుతాయి. నూట యాభై ఏళ్లయినా ఒక తూటా ఇంత చవగ్గా, ఇంత సులువుగా దొరకడం చిన్న విషయం కాదు.

జింక మాత్రమే లక్ష్యమైతే 40-65 నాకు ఇంకా ఇష్టం. 45-70 కేసు మూతినే సన్నం చేసి దాన్ని తయారు చేసుకోవచ్చు. భుజానికి హాయి, ఎక్కువసేపు సాధన చేయనిస్తుంది. 38-55 కూడా అందమైనదే, కానీ దాన్ని వంద గజాల లోపే ఉంచాలి, ఎల్క్ మీదకు తీసుకుపోకూడదు. ఎల్క్, మూస్ లాంటి పెద్ద జంతువులు ఉన్నచోట 45-70లో 480, 500 గ్రెయిన్ల గుండు పెడితే చాలు. 45-90 అనేది 2.4 అంగుళాల కేసు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, కొనడానికి గట్టి కారణమూ లేదు. సీసా మెడ ఉన్న 44-77 లాంటివి పాత వస్తువులంటే ప్రాణమిచ్చేవాళ్లకు వదిలేద్దాం.

ఇక మెకానిజం. ఇక్కడ అందం కంటే ముందు చూడవలసింది, తూటా పెట్టాక హ్యామర్ (తూటాను పేల్చడానికి కొట్టే సుత్తి) ఎక్కడ ఉంటుంది, దాన్ని కిందికి దించేటప్పుడు బొటనవేలు జారితే ఏమవుతుంది అన్నది. రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్ అనే రైఫిల్ తెరవాలంటే హ్యామర్‌ను పూర్తిగా వెనక్కి లాగాలి. తూటా పెట్టి బ్లాక్ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే ఇనుప దిమ్మ) మూసినప్పుడు హ్యామర్ ఇంకా పూర్తిగా ఎక్కుపెట్టే ఉంటుంది. వేట అడవిలో నడవాలంటే ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్‌ను వేలితో పట్టుకుని హాఫ్ కాక్ (సగం ఎక్కుపెట్టిన స్థితి) దాకా దించాలి. చలికి మొద్దుబారిన వేలితో, గ్లవ్ వేసుకుని ఈ పని చేస్తే ఏదో ఒక రోజు జారుతుంది. అందుకే రోలింగ్ బ్లాక్ మోసేవాళ్లు నడుస్తున్నంతసేపూ చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే గది) ఖాళీగా ఉంచి, కూర్చున్న చోట తూటా పెట్టుకోవాలి. సింగిల్ షాట్‌లో తూటా పెట్టడానికి మూడు సెకన్లు చాలు. దీనివల్ల పోయిన జింకలు ఉండవు. ఆ ఒక్క విషయం పక్కన పెడితే రోలింగ్ బ్లాక్ సరళమైనది, దృఢమైనది. లోపల భాగాలు తక్కువ, విప్పడం తేలిక. ఇటలీలో పెడెర్సోలి కంపెనీ చేసేవి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ధరకు తగిన రైఫిళ్లు. ఒక బలహీనత ఉంది. ఖాళీ కేసును బయటికి లాగే శక్తి దీనికి తక్కువ. మసి పట్టిన చాంబర్‌లో కేసు ఇరుక్కుంటే గోటితో పీకాల్సి వస్తుంది.

షార్ప్స్ 1874 మోడల్‌లో హ్యామర్ పక్కన ఉంటుంది, లీవర్ కిందికి తోస్తే బ్లాక్ నిలువుగా దిగుతుంది. దీనికొక క్రమశిక్షణ ఉంది. లీవర్ ముట్టుకునే ముందు హ్యామర్‌ను హాఫ్ కాక్‌కు తేవాలి. పేలిన తర్వాత ఫైరింగ్ పిన్ (హ్యామర్ దెబ్బను తూటాకు చేర్చే పిన్ను) మొన ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) గుంటలో ఉంటుంది. అలాగే లీవర్ లాగితే బ్లాక్ దాన్ని కిందికి ఈడ్చి మొన విరగ్గొడుతుంది. నిండు తూటా మీద హ్యామర్ పూర్తిగా దించి మోయడం మరీ ప్రమాదం. హ్యామర్ పిన్ను మీద, పిన్ను ప్రైమర్ మీద ఆనుకుని ఉంటాయి, రైఫిల్ రాయి మీద పడితే పేలవచ్చు. షిలో, సి. షార్ప్స్ కంపెనీలు రెండూ మొంటానాలోని బిగ్ టింబర్ ఊళ్లోనే రైఫిళ్లు చేస్తాయి. ఆర్డరిచ్చి ఎదురు చూసే ఓపిక ఉంటే వాటి చెక్క, ఇనుము పొందిక మనసు నింపుతుంది. ఆర్డర్‌లో మాత్రం మామూలు బరువు బ్యారెల్ అని స్పష్టంగా రాయండి. హెవీ అని రాశారంటే మోసేది మీరే.

నా ఓటు వించెస్టర్ హై వాల్‌కు. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ దాని పేటెంటు 1879లో తీసుకున్నాడు. వించెస్టర్ ఆ హక్కులు కొని 1885లో అమ్మకాలు మొదలుపెట్టింది. షార్ప్స్ కంటే సన్నం, నడుము దగ్గర చేతికి కుదురుగా ఉంటుంది, హ్యామర్ మధ్యలో ఉంటుంది, బ్లాక్ బలమైనది. అదే 30 అంగుళాల బ్యారెల్‌తో షార్ప్స్ కంటే పౌండు దాకా తేలిగ్గా వస్తుంది. ఉబెర్టి, మిరోకు కంపెనీల తయారీలు దొరుకుతాయి. ఒక్కటి చూసుకోవాలి. లీవర్ మూశాక హ్యామర్ ఎక్కుపెట్టి ఉంటుందా, హాఫ్ కాక్‌లో ఆగుతుందా అన్నది తయారీని బట్టి మారుతుంది. దుకాణంలో ఖాళీ రైఫిల్‌తో పది సార్లు తెరిచి మూసి చూస్తే వేలికి అర్థమవుతుంది.

అసలైన పాత ట్రాప్‌డోర్ తక్కువ ధరకు దొరుకుతుంటుంది, దాంతో జింకను కొట్టవచ్చు కూడా. కానీ దాని బ్లాక్ ఈ మొత్తం గుంపులో బలహీనమైనది. 45-70 అని రాసి ఉన్నా, ఆధునిక రైఫిళ్ల కోసం చేసిన దుకాణపు తూటాలు ఇందులో పేల్చకూడదు. పెట్టె మీద ఏ రైఫిల్ కోసమో చదవకుండా కొనకండి. పాతది కొనేటప్పుడు బ్యారెల్ మీది అంకెను కూడా నమ్మొద్దు. నూట నలభై ఏళ్లలో ఎవరో చాంబర్ తిరిగి తొలిపించి ఉండవచ్చు. సెరోసేఫ్ అనే తక్కువ వేడికి కరిగే లోహం చాంబర్‌లో పోసి అచ్చు తీయించి కొలవాలి. మెత్తటి సీసపు ముక్కను బ్యారెల్‌లో తోసి రైఫ్లింగ్ గాడుల వ్యాసం కొలవాలి. 45-70కి 0.458 అంగుళాలు రావాలి. పాతవాటిలో 0.460 దాటినవీ తగులుతాయి, అప్పుడు గుండు అచ్చు వేరే కొనాలి. మడమ (భుజానికి ఆనించే చెక్క భాగం) రిసీవర్‌ను (మెకానిజం ఉండే ఇనుప భాగం) కలిసే చోట సన్నని పగుళ్లు, పొడవు పెరిగిన పిన్ను రంధ్రం, వదులైన లీవర్, ఇవన్నీ ధర తగ్గించమని అడగడానికి కాదు, వదిలేసి రావడానికి కారణాలు.

మడమ ఆకారం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, భుజం మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. చంద్రవంకలా వంగిన ఇనుప మడమ పలక ఫొటోలో అందంగా ఉంటుంది. దాని కొన భుజం ఎముక మీద పడితే పదో గుండుకే మీరు ట్రిగ్గర్‌ను భయంతో నొక్కడం మొదలుపెడతారు. షాట్‌గన్ తరహా చదునైన వెడల్పు మడమ తీసుకోండి. మడమ పొడవును కోటు వేసుకుని చూసుకోండి. నవంబరులో వేసే కోటు అంగుళం తినేస్తుంది. రెండు ట్రిగ్గర్ల ఏర్పాటు మంచిదే. వెనకదాన్ని నొక్కితే ముందుది వెంట్రుకంత ఒత్తిడికే పేలుతుంది. గురి కుదిరాకే వెనకది నొక్కాలి, కాల్చకపోతే ముందు ఆ ట్రిగ్గర్‌ను విడిపించాలి, అప్పుడు గానీ అడుగు వేయకూడదు. గ్లవ్ వేసుకుని సెట్ ట్రిగ్గర్ వాడటం నిషేధం అనుకోండి.

రైఫిల్‌కు పెట్టే డబ్బులో మిగుల్చుకున్నదంతా సైట్ల మీద పెట్టమంటాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చే నిచ్చెన సైట్ బ్యారెల్ మీద, కంటికి దూరంగా ఉంటుంది. నలభై దాటిన కంటికి వెనక గంటు, ముందు మొన, జింక మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడవు. రిసీవర్ వెనక తోక మీద బిగించే ట్యాంగ్ సైట్‌లో చిన్న రంధ్రంలోంచి చూస్తారు, కన్ను దానంతటదే మధ్యకు వెళ్తుంది. రెండు సైట్ల మధ్య దూరం పెరిగి గురి కూడా నికరంగా వస్తుంది. ఆ దూరం 36 అంగుళాలైతే లెక్క ఎంత సులువో చూడండి. వెనక సైట్‌ను అంగుళంలో నూరో వంతు లేపితే 100 గజాల దగ్గర గుండు సరిగ్గా ఒక అంగుళం లేస్తుంది. వెర్నియర్ (సైట్ ఎత్తు చూపే సన్నని కొలబద్ద) మీద పాయింటు అంటే ఆ నూరో వంతే. 150 గజాల దగ్గర తొమ్మిది అంగుళాలు లేపాలంటే ఆరు పాయింట్లు. 100కి ఒక గీత, 150కి ఒక గీత, అంతే. మూడో గీత గీయకండి.

అయితే పోటీ సైట్‌ను అలాగే అడవికి తీసుకెళ్తే రెండు ఇబ్బందులు వస్తాయి. సన్న రంధ్రంలోంచి తెల్లవారుజామున, పొద్దు గుంకే వేళ ఏమీ కనబడదు, జింకలు తిరిగేదేమో ఆ వేళల్లోనే. కంటి దగ్గరి చక్రం తీసి 0.09 అంగుళాలో ఇంకా వెడల్పో ఉన్న రంధ్రం పెట్టండి. ముందు సైట్ గొట్టంలో ఉంగరం బదులు మందమైన నిలువు మొన పెట్టండి. రెండో ఇబ్బంది కంటికి సంబంధించింది. పైకి ఏటవాలుగా గానీ బోర్లా పడుకుని గానీ కాలిస్తే తల ముందుకు వస్తుంది, రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు ట్యాంగ్ సైట్ కనుబొమ్మను చీలుస్తుంది. కూర్చుని, కత్తెరలా కట్టిన రెండు కర్రల మీద బ్యారెల్ ఆనించి కాల్చడం వీటన్నిటికీ మందు. అడవిదున్నల కాలపు వేటగాళ్లు అలాగే కాల్చారు. సైట్ సరిచేసుకునేటప్పుడు కూడా ఆ కర్రలే వాడాలి, బ్యారెల్‌లో అదే చోటు వాటి మీద ఆనాలి. బెంచి మీద ఇసుక సంచిలో ఆనించి సరిచేసింది కర్రల మీద వేరే చోట తగులుతుంది.

తూటా చేసుకోవడం గురించి విడిగా పుస్తకమే రాయవచ్చు. వేటకు కావలసినంత చెప్తాను. మీ రైఫిల్‌లోనే ఒకసారి పేలిన ఇత్తడి కేసు తీసుకోండి, అది మీ చాంబర్ కొలత పట్టేసి ఉంటుంది. పొడవు 2.105 అంగుళాలు దాటకూడదు. లార్జ్ రైఫిల్ ప్రైమర్. మందు 1.5ఎఫ్‌జి గానీ 2ఎఫ్‌జి గానీ (ఇవి గింజ పరిమాణం గుర్తులు), 60 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టండి. దాన్ని రెండడుగుల సన్నని గొట్టంలోంచి నెమ్మదిగా జారవిడిస్తే గింజలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. పైన 0.060 అంగుళాల మందం అట్ట బిళ్ల, అంటే వ్యాడ్. ఆ తర్వాత మందును నొక్కడానికి విడిగా ఉన్న డై వాడాలి. గుండుతో నొక్కితే మెత్తటి సీసం ఉబ్బి వంకరపోతుంది, చాంబర్‌లోకి దూరదు. గుండు సరిగ్గా వ్యాడ్ మీద కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. బ్లాక్ పౌడర్ తూటాలో గాలి ఖాళీ వదిలితే చాంబర్ గోడ మీద ఉంగరంలా ఉబ్బు తేలుతుంది, ఆ బ్యారెల్ ఇక పనికిరాదు. మందు తగ్గించాలనుకుంటే ఆ చోటును ఇంకో వ్యాడ్‌తో నింపాలి. పొగ రాని మందును బ్లాక్ పౌడర్ కొలతతో పోయడం, రెండూ కలపడం ఎప్పుడూ చేయకూడదు, రైఫిల్ ముఖం మీదే పగులుతుంది.

గుండుకు సీసం, తగరం 20:1 పాళ్లు సరిపోతాయి. పెద్ద ఎముకలున్న జంతువుకు 16:1. ఎక్కువ గట్టిదనం అక్కర్లేదు. చదునైన మూతి కావాలి. పోటీలో వాడే పొడవాటి సూది మూతి గుండు జంతువులోంచి సన్నని రంధ్రం చేసుకుని పోతుంది. వ్యాసం 0.459 అంగుళాలు. దాని గాడుల్లో పెట్టే గ్రీజు తేనెమైనంతో, జంతువుల కొవ్వుతోనో వృక్ష నూనెతోనో చేసినదై ఉండాలి. పెట్రోలియం గ్రీజు ఈ మందుతో కలిస్తే తారులాంటి గట్టి మసి మిగులుతుంది, మూడో గుండుకే గురి చెదురుతుంది. వేటకు గ్రీజు గాడులన్నీ కేసు లోపల దాగి ఉండాలి. బయటికి కనబడితే జేబులోని ఇసుక, దూది దానికంటుకుని బ్యారెల్‌లోకి పోతాయి. పాతకాలపు తోలు పట్టీల్లో తూటాలు వారాల తరబడి ఉంచొద్దు. తోలు పదును చేసిన రసాయనాలకు ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది, ఆ తూటా చాంబర్‌లో ఇరుక్కుంటుంది. కాన్వాస్ పట్టీ వాడండి. బయల్దేరే ముందు రేంజ్‌లో (కాల్పుల సాధన మైదానంలో) ప్రతి తూటానూ చాంబర్‌లో పెట్టి బొటనవేలి ఒత్తిడికే పూర్తిగా దిగుతుందో లేదో చూడండి. అంచు కొంచెం బయటికి నిలిచినా నిలువుగా లేచే బ్లాక్ మూసుకోదు.

సాధన ఎలా చేయాలన్న దగ్గరే పోటీ అలవాట్లు వేటను పాడు చేస్తాయి. అయిదు గుండ్లు వరసగా కాల్చి వాటి గుంపు చూపించడం వేటగాడికి దాదాపు ఏమీ చెప్పదు. వేటలో పేలేది చల్లటి, శుభ్రమైన బ్యారెల్‌లోంచి వెళ్లే మొదటి గుండు. కాబట్టి రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ మొదటి గుండును ఒకే కాగితం మీద కాల్చి, ఆ కాగితాన్ని దాచిపెట్టండి. అయిదారు సార్లు వెళ్లాక దాని మీద ఉన్న రంధ్రాలే మీ రైఫిల్ అసలు గురి. 150 గజాల దగ్గర అవి ఆరంగుళాల వృత్తంలో పడకపోతే 100కే పరిమితం కావాలి. నూనె రాసి ఉన్న బ్యారెల్ మొదటి గుండును పైకో పక్కకో విసురుతుంది. వేట రోజు ఉదయం ఆల్కహాల్ తడిపిన గుడ్డ ఒకటి, తర్వాత పొడి గుడ్డ ఒకటి తోసి బయల్దేరాలి, రేంజ్‌లో కూడా అలాగే చేసి ఉండాలి.

జంతువు మీద ఈ గుండు చేసే పని ఆధునిక రైఫిల్ లాంటిది కాదు. పక్కకు తిరిగి నిలబడిన జింకకు ముందు కాలి వెనక, ఛాతీ కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తులో తగిలితే గుండు రెండు ఊపిరితిత్తులు దాటి అవతల బయటికి పోతుంది. మాంసం పెద్దగా పాడవదు. జింక మాత్రం చాలాసార్లు నిలబడ్డచోట పడదు, యాభై అరవై గజాలు పరిగెత్తి పడుతుంది. మీకేమో తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. కాల్చే ముందే జింక వెనక ఉన్న చెట్టో రాయో గుర్తు పెట్టుకోండి. కాల్చగానే పొగ పక్కకు ఒక అడుగు వేసి, చూస్తూనే రెండో తూటా పెట్టుకోండి. ఎదురుగానో, వెనక నుంచో, నడుస్తున్నప్పుడో కాల్చే అవకాశం వస్తే వదిలేయడమే న్యాయం.

చట్టం గురించి తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం, అక్కడ ఈ చర్చకే తావు లేదు. అమెరికాలో హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డంకి లేదు. పాత డిజైన్ కదా అని కొత్త షార్ప్స్ నకలును యాంటిక్ అనుకోవద్దు. 1898 వరకు తయారైన పాతవాటికి యాంటిక్ నియమం, దుకాణాల్లో దొరికే తూటా పేల్చే కొత్త నకలుకు మామూలు తుపాకీ నియమం. ఒహాయో, అయోవా లాంటి రాష్ట్రాల్లో నిటారు గోడల కేసు ఉన్న తూటాలతో జింక వేటకు అనుమతి ఉంది, 45-70 అందులోకి వస్తుంది. మిషిగన్ దక్షిణ భాగంలో మాత్రం చాలా ఏళ్లు కేసు పొడవు 1.80 అంగుళాలు దాటకూడదన్న షరతు వల్ల 45-70 కుదరలేదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసపు గుండ్లే నిషేధం, అంటే ఈ మెత్తటి సీసం పద్ధతి అక్కడ సాగదు. ఆ ఏడాది నియమాల పుస్తకం చదివాకే తూటా ఎంచుకోండి.

శుభ్రం చేయడం కష్టమని భయపెట్టేవాళ్లుంటారు, అది అరగంట పని. బ్లాక్ పౌడర్ మసి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తింటుంది, అందుకే ఆ రాత్రే చేయాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. నీళ్లే చాలు, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపితే ఇంకా మంచిది. గుడ్డలు తెల్లగా వచ్చేదాకా బ్యారెల్ తోమాలి, పొడి గుడ్డలు తోయాలి, ఆ తర్వాత నూనె. షార్ప్స్, హై వాల్ అయితే బ్లాక్ కూడా విప్పి తుడవాలి, ఫైరింగ్ పిన్ రంధ్రం చుట్టూ చేరిన మసి మర్చిపోవడం మామూలే. మర్నాడు మళ్లీ ఒక గుడ్డ తోయండి. గోధుమ రంగు తగిలితే ఇంకొకసారి నీళ్లతో మొదలుపెట్టాలి. పేలిన కేసుల్ని అడవిలోనే నీళ్ల సీసాలో వేసుకుంటే ఇంటికొచ్చి కడగడం తేలిక. ఎండిపోయిన మసి ఇత్తడిని లోపలి నుంచి తినేస్తుంది, ఆ కేసు త్వరగా పాడవుతుంది.